తొట్టిలో కాగితం బొమ్మ

1945 డిసెంబరు 2, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు సంజీవరావు అయ్యగారు పిల్లల్ని గుడి మెట్ల మీద కూర్చోబెట్టి క్రిస్మస్ నాటకానికి వేషాలు పంచారు. మా సువార్త దేవదూత. దానికి ఆరేళ్ళు, మాట గంటలా పలుకుతుంది, ఆ వేషం దానికి ఇవ్వాల్సిందే. దాని తమ్ముడు దావీదు గొర్రెపిల్ల. గొర్రెపిల్లకి మాటలుండవని తెలిసి వాడు ఇంటిదాకా ఏడ్చాడు. నాలుగేళ్ళవాడికి ఏం చెప్పినా ఎక్కదు.

అంతవరకూ బాగానే ఉంది. తరువాత అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు.

"బాలయేసుగా మీ చిన్నవాణ్ణే పడుకోబెడదామయ్యా ఆమోసూ. మీ అత్తగారు పండక్కి తీసుకొస్తున్నారట గదా. నాకు కార్డు రాయించారు."

ఆయనకి రాయించింది. నాకు రాయించలేదు. మా అత్తగారు దానమ్మగారి పద్ధతే అంత.

"పది నెలల పిల్లాడు తొట్టిలో కదలకుండా పడుకుంటాడాండీ? నేను బొమ్మ చేసిస్తాను."

"నిజం పిల్లాడుండగా బొమ్మెందుకయ్యా?"

"చేస్తానన్నాను గదండీ."

గొంతు కాస్త పెరిగింది. పెరిగితే పెరిగింది. మార్తని పురిటికని చల్లపల్లి తీసుకుపోయింది ఆవిడ. పిల్లాణ్ణి మిగుల్చుకుని నా భార్యని మట్టిచేసింది. సకాలంలో నాకు కబురుచేసివుంటే బెజవాడ తెచ్చి ఆస్పత్రిలో చేర్చేవాణ్ణి. చెయ్యలేదు.

డిసెంబరు 3

ఆవిడ వచ్చేది పండక్కి కాదు. సువార్తనీ దావీదునీ తీసుకుపోవడానికి. మగవాడు ఒంటిగా పిల్లల్ని పెంచలేడని అందరిచేతా అనిపించడానికి.

డిసెంబరు 6

మా ప్రెస్సులో కొత్త సంవత్సరం క్యాలెండర్ల పని జోరుగా ఉంది. కోతమిషను కింద తెల్ల కాగితం ముక్కలు గుట్టలుగా పడుతున్నాయి. యజమాని వెంకటప్పయ్యగారిని అడిగి ఒక సంచీడు తెచ్చుకున్నాను.

వెదురుబద్దలు చీల్చి రెండు రెక్కలు కట్టాను. కాగితాన్ని ఈకల్లా కోసి, మైదాపిండి జిగురుతో కింద వరస నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి సగం సగం కప్పేలా అంటించాను. నూట అరవై ఈకలు. అంచులకి సిగరెట్టు పెట్టెల్లోని తళుకు కాగితం. పదమూడేళ్ళుగా అక్షరాలు ఏరి పేర్చే వేళ్ళివి, కాగితం నామాట వింటుంది. మిగిలిన బద్దలతో ఐదు మూలల నక్షత్రం కట్టి, ఎర్ర కాగితం అంటించి వసారాలో వేలాడదీశాను. లోపల చిన్న దీపం పెట్టుకోవచ్చు.

దావీదు నక్షత్రం కింద నిలబడి, "అమ్మమ్మకి చూపిద్దాం నాన్నా," అన్నాడు.

చూపిద్దాం. బాగా చూపిద్దాం.

డిసెంబరు 9, ఆదివారం

బట్ట దొరకడం లేదు. కంట్రోలు బట్ట మన వంతుకి వచ్చేసరికి పండగ అయిపోతుంది. పాత దోమతెర ఉంటే ఉతికి, గంజిపెట్టి, సువార్తకి దూత గౌను కుట్టాను. సూదిపని మగవాడికి రాదనేది ఒట్టి మాట. ఎడమ చెయ్యి కుడిచేతికంటే రెండు వేళ్ళు పొట్టిగా వచ్చింది, అంతే. రెక్కలు కడితే ఎవరికీ కనపడదు.

గోనెసంచికి దూది అంటించి దావీదుకి గొర్రె తొడుగు చేశాను. జిగురు తియ్యగా ఉందని వాడు తోక దగ్గర దూది కొంత తినేశాడు.

డిసెంబరు 12

కజ్జికాయలు చేశాను. పక్కింటి హనుమాయమ్మగారు మా గడప దాటరు. వాళ్ళది నేత బట్టల వ్యాపారం, ఆచారాల ఇల్లు. గడప అవతల పీటవేసుకుని కూర్చుని చెప్పారు.

"కొబ్బరి, బెల్లం దగ్గరపడాలి తమ్ముడూ. ఇంకా. ఇంకా కలుపు. అంచు తడిచేసి నొక్కు. లేకపోతే నూనెలో నోళ్ళు తెరుస్తాయి."

నొక్కాను. అయినా నోళ్ళు తెరిచాయి. ఇరవైలో పదకొండు. నూనె అంతా బెల్లం మాడి నల్లబడింది. ఆవిడ చూసి నవ్వు దాచుకోలేకపోయారు. "మీ అత్తగారు వస్తున్నారు గదా, ఆవిడ చూసుకోరూ?" అన్నారు.

"మా ఇంటి పండక్కి మేం చాలు అక్కయ్యగారూ," అన్నాను.

పిల్లలు ఇష్టంగా తిన్నారు.

డిసెంబరు 13

దావీదుకి కడుపునొప్పి, వాంతులు. కొబ్బరి పాతదై ఉండాలి.

డిసెంబరు 15

బొమ్మ పూర్తయింది. కాగితం నానబెట్టి రుబ్బి, చింతగింజల జిగురు కలిపి ముద్దచేసి, తల, మొండెం, చేతులు విడివిడిగా ఎండబెట్టి అతికించాను. పైన సుద్ద పూత. పెదవులకి ప్రెస్సులోని ఎర్ర ఇంకు. నిద్రపోయే పసివాడు గనక కళ్ళు మూసినట్టు గీశాను.

సువార్త చాలాసేపు చూసింది.

"వీడు చచ్చిపోయాడా నాన్నా?"

"నిద్రపోతున్నాడే."

"అమ్మ కూడా ఇలాగే ఉంది."

సుద్ద మళ్ళీ పూసి తెరిచిన కళ్ళు గీశాను. ఇంకు ఆరడం లేదు.

డిసెంబరు 16, ఆదివారం

వచ్చింది.

కూచిపూడి దగ్గర బొగ్గుతో నడిచే బస్సు ఆగిపోయి మూడు గంటలు ఎండలో కూర్చున్నారట. ఒక చేతిలో రేకుడబ్బా, ఇంకో చేతిలో మూట, చంకలో వాడు. నేను వసారాలోనే ఉన్నాను. డబ్బా అందుకున్నాను, మూట అందుకున్నాను. మూడోది అందుకోలేదు. ఆవిడ ఒక్క క్షణం చెయ్యి అలాగే ముందుకి పెట్టి, తిరిగి చంకలోకి లాక్కుంది.

"బావున్నారా అల్లుడుగారూ? చిక్కిపోయారే."

ఈ గౌరవం చూడండి. తిట్టినా ఇంత మంటపుట్టదు.

"బాగానే ఉన్నామండీ. ఏ లోటూ లేదు."

"అవునండీ. దావీదు బుగ్గలే చెబుతున్నాయి."

పిల్లలిద్దరూ ఆవిడ కాళ్ళకి చుట్టుకుపోయారు. చంకలోవాణ్ణి కిందికి దింపితే వాడి వేళ్ళు లెక్కపెట్టారు. నేను నక్షత్రం సరిచేస్తూ నిలబడ్డాను. సరిచెయ్యడానికి అందులో ఏమీ లేదు.

డబ్బాలో అరిసెలు. అటక మీద పెట్టేశాను. కడుపు బాగాలేని పిల్లలకి అరిసెలేమిటి?

డిసెంబరు 17

అరిసెలు ప్రెస్సుకి తీసుకుపోయి పంచాను. అందరూ బాగున్నాయన్నారు. నేను రుచి చూడలేదు.

డిసెంబరు 19

పొద్దున లేచేసరికి దూత గౌను కొయ్యకి వేలాడుతోంది. రెండు చేతులూ సమంగా ఉన్నాయి. మెడ చుట్టూ కుచ్చు. కుట్టు ఎక్కడుందో కనపడనంత సన్నం.

"ఎవరిని అడిగి విప్పారండీ?"

"చెయ్యి వంకర ఉందని సరిచేశానండీ. పిల్లని చూసి నలుగురూ నవ్వకూడదు గదా."

"నా పిల్ల. నవ్వితే నన్ను నవ్వుతారు."

"మిమ్మల్ని నవ్వడం నాకిష్టమా అల్లుడుగారూ?"

జేబులో అక్షరాలు తీసే చిమటా ఉంది. ఆవిడ ముందే కూర్చుని, ఆ కుట్టంతా ఒక్కొక్క పోగూ లాగేశాను. తరువాత నేను కుట్టాను, మొదట ఎలా ఉందో అలాగే. ప్రెస్సుకి గంట ఆలస్యమైంది. చంకలోవాడు దారప్పోగుల్ని పట్టుకోబోతుంటే చెయ్యి లాగి, "వద్దురా, నీవి కావు," అంది.

అది నాకు తగలాలనే అంది.

డిసెంబరు 21

ఈసారి కూడా పిల్లలకి బట్టలు తెచ్చింది. మూటలోంచి తీసి నాముందు మంచం మీద పరిచింది. సువార్తకి పట్టు అంచు లంగా, దావీదుకి చొక్కా లాగూ.

పోయిన క్రిస్మస్ నేను మరిచిపోలేదు. మార్త పురిటికి వెళ్ళి, పిల్లలతో అక్కడే ఉంది. నేను నెల ముందు నుంచే బట్ట కొని కుట్టించి పంపించాను. పండగనాడు బస్సు దిగి వెళ్ళేసరికి పిల్లలు ఆవిడ కుట్టించినవి వేసుకుని వీధంతా తిరుగుతున్నారు. నావి పెట్టెలో ఉన్నాయి, మడత విప్పకుండా. "బిగుతయ్యాయండీ," అంది ఆవిడ. "సాయంత్రం వేద్దాంలెండి," అంది మార్త. మార్త కూడా ఆవిడ పక్షమే.

అన్నం తినకుండా మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. మార్త ఆ నిండు కడుపుతో రోడ్డుదాకా వచ్చింది. ఏదో అంటోంది. నేను తిరిగి చూడలేదు.

అదే ఆఖరు. ఆవిడ బట్టల వల్ల.

ఇవాళ తెచ్చినవి మడిచి మూటలో పెట్టి ఇచ్చేశాను. సువార్త చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

డిసెంబరు 22

కబురు చెయ్యలేదని ఇందులో మొదట రాశాను. ఉత్తరం ఒకటి వచ్చిన మాట నిజమే. మార్తకి కాళ్ళు వాచాయని ఆవిడ రాయించింది. కడుపుతో ఉన్నవాళ్ళకి కాళ్ళు వాస్తాయి. దానికి ఎవరైనా పని మానుకుని వెళతారా?

డిసెంబరు 24

ఆవిడ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. హనుమాయమ్మగారితో, గడప దగ్గర. "చూస్తున్నానమ్మా. వంట చేస్తాడు, కుడతాడు, పిల్లదానికి జడ వేస్తాడు. అన్నీ చూస్తున్నాను."

తప్పులు లెక్కపెడుతోంది.

అప్పుడు వచ్చిన ఉత్తరాలు ఒకటి కాదు, రెండు.

డిసెంబరు 26, బుధవారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. వరసగా రాస్తాను.

నాటకం సాయంత్రం నాలుగింటికి, గుడి ముందు పందిట్లో. సరుగుడు కొమ్మ పాతి, పిల్లలు చేసిన కాగితం గొలుసులు చుట్టారు. తాటాకు పాక, లోపల గడ్డి, తొట్టి, అందులో నా బొమ్మ. దూరానికి నిజం పసివాడిలాగే ఉన్నాడు. నలుగురు వచ్చి చెయ్యి కలిపారు. సువార్త రెక్కలతో బల్లమీద నిలబడింది. పొట్టిచెయ్యి ఎవరూ గమనించలేదు. ఆవిడ ముందు వరసలో చాపమీద కూర్చుంది, ఒళ్ళో వాణ్ణి పెట్టుకుని. నేను పక్కన గుంజకి ఆనుకుని నిలబడ్డాను.

కాపరులు వచ్చారు, గొర్రెలు వచ్చాయి. దావీదు తొట్టి దగ్గరకి పాకి, లోపలికి చూసి, జనం వైపు తిరిగాడు.

"ఇది బొమ్మ. మా నాన్న చేశాడు."

అందరూ నవ్వారు. నవ్వు వాడికి నచ్చింది. గట్టిగా అన్నాడు: "మా తమ్ముడు అక్కడున్నాడు. మా నాన్న వాణ్ణి ఎత్తుకోడు."

ఎవరూ నవ్వలేదు.

సువార్త దూత మాటలు చెప్పాలి. చెప్పలేదు. బల్ల దిగింది. రెక్కలు అటూ ఇటూ తగులుతుంటే ఆవిడ దగ్గరకి వెళ్ళి, వాణ్ణి రెండు చంకల కిందా పట్టుకుని, సగం మోస్తూ సగం ఈడుస్తూ తీసుకుపోయి గడ్డిలో కూర్చోబెట్టింది. వాడు కాసేపు జనాన్ని చూశాడు. తొట్టిలోకి చెయ్యిపెట్టి బొమ్మని లాగాడు. దాని తల రెండు చేతులా పట్టుకుని మూతి నోట్లో పెట్టుకున్నాడు.

ఎర్ర ఇంకు.

ఆ ఇంకులో ఏ విషం ఉంటుందో పందిట్లో నాకొక్కడికే తెలుసు. ఎప్పుడు కదిలానో తెలియదు. కాపరుల్ని తోసేసి, వాడి తల పట్టుకుని, నోట్లో వేలు పెట్టి, నాలుక కింద, బుగ్గల్లో, ఎక్కడెక్కడ కాగితం ముద్ద ఉందో అంతా గీకి తీశాను. వాడు కెవ్వుమని ఏడ్చి నా వేలు కొరికాడు. కింద రెండు పళ్ళున్నాయి. వాడికి పళ్ళొచ్చాయని నాకు తెలియదు.

"నీళ్ళు! నీళ్ళు పట్రండి!" అని అరిచాను.

ఎవరో చెంబు ఇచ్చారు. నోరు కడిగాను. నాలుక తెల్లబడేదాకా కడిగాను. లేచేసరికి వాడు నా చంకలో ఉన్నాడు. ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. గుడి మొత్తం నన్నే చూస్తోంది. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది. వాణ్ణి ఆవిడ ఒళ్ళో పడేసినట్టు పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆవిడా పిల్లలూ వెనకే వచ్చారు. నేను కాచుకుని ఉన్నాను.

"అయిందాండీ? అందరిముందూ నా పరువు తీశారు. ఇక పిల్లల్ని ఇవ్వమని అడగండి. నేనివ్వను. అయ్యగారు చెప్పినా ఇవ్వను, కలెక్టరు చెప్పినా ఇవ్వను."

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"ఎవరడిగారు నీ పిల్లల్ని?"

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"నేను తీసుకుపోవడానికి రాలేదబ్బాయ్. ఇచ్చిపోవడానికి వచ్చాను. కోతలకి ముందు కాలువ రేవులో వీణ్ణి ఎత్తుకుని ఉండగా కళ్ళు తిరిగి పడిపోయాను. చాకలాయన చూడబట్టి బతికాడు వీడు. మళ్ళీ రెండుసార్లు పడ్డాను ఇంట్లో. పాకే పిల్లాడి వెంట పరుగెత్తలేను. ఎవరికియ్యను? అనాథాశ్రమానికి ఇద్దామన్నారు మా వాళ్ళు. తండ్రున్నాడని చెప్పాను. ఉన్నాడో లేడో చూద్దామని వచ్చాను."

"చూశారుగా మరి."

"చూశాను. పది రోజులు చూశాను. కుట్టు రాదు, వంట రాదు. అయినా చేస్తావు. నువ్వు పిల్లల్ని పెంచగలవు. వీణ్ణి కూడా ఉంచుకో."

ఇన్నాళ్ళూ రెక్కలూ, కజ్జికాయలూ, గౌనూ అన్నీ ఆవిణ్ణి ఓడించడానికే చేశాను. వాటినే చూపించి వీణ్ణి నామీద పెట్టింది.

"నేను ఒప్పుకోను. వీడి వల్లే మార్త పోయింది."

"వీడి వల్లా?" ఆవిడ గొంతు పెరగలేదు. "మూడు ఉత్తరాలు పంపించాను. నీకందలేదంటే చెప్పు, నమ్ముతాను. నా కూతురు నీ ఉత్తరం కోసం వీధి గుమ్మంలో కూర్చునేది. అందలేదని చెప్పు."

నేను చెప్పలేదు.

మూడూ అందాయి. మూడూ చదివాను. మూడోది రెండుసార్లు చదివాను. అది మార్త స్వయంగా రాసింది, అక్షరాలు కిందికి జారిపోయాయి. కళ్ళముందు మెరుపులు వస్తున్నాయనీ, బెజవాడ తీసుకుపొమ్మనీ, మగపిల్లాడైతే ఏం పేరు పెడదామనీ. చదివి, మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళాను. ఇంకో నాలుగు రోజులు బతిమాలనిద్దాం అనుకున్నాను. మూడో రోజున తంతి వచ్చింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయకూడదనుకున్నాను.

ఇవాళ పొద్దున ఎనిమిది గంటల బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. పాలలో సగం నీళ్ళు, రెండు పూటలా గంజి, ఎడమవైపు పడుకోబెడితే నిద్రపోతాడు, వానలో తడిస్తే జలుబు. రాసుకున్నాను. గౌరవం కొద్దీ కాదు, మరిచిపోతానని.

"నెలకోసారి వస్తాను," అంది.

"రానక్కర్లేదండీ."

"వస్తాను."

బట్టల మూట మళ్ళీ వదిలి వెళ్ళింది. సువార్త నన్ను అడక్కుండానే లంగా తొడుక్కుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

డిసెంబరు 28

వాణ్ణి ప్రెస్సుకి తీసుకుపోయాను. కాగితాల బుట్టలో కూర్చోబెడితే, క్యాలెండర్లు చించుతూ సాయంత్రందాకా గడిపాడు. "ఇది ప్రెస్సా, పురుటిల్లా?" అన్నారు వెంకటప్పయ్యగారు. ఆయన రేపు బుట్ట పెద్దది తెస్తానన్నారు.

ఏడిస్తే గుండెల్లో సుత్తి పెట్టి కొట్టినట్టుంటుంది. ఆవిడ దీన్ని పది నెలలు ఎలా భరించిందో.

డిసెంబరు 30, ఆదివారం

బాప్తిస్మం అయింది. పేరేమిటని అయ్యగారు అడిగితే మా నాన్న పేరు చెప్పాను, రత్తయ్య. దానమ్మగారికి అది బొత్తిగా నచ్చదు. నచ్చకపోతే మానె. మార్తకి నచ్చేదో లేదో తెలియదు. తెలుసుకునే వీలుండగా నేను అడగలేదు.

మధ్యాహ్నం నిద్రపుచ్చుదామని ఎడమవైపు పడుకోబెడితే, జరిగి జరిగి నా చేతిమీదకి వచ్చి పడుకున్నాడు. గంటన్నర అయింది. భుజం నుంచి వేళ్ళదాకా తిమ్మిరెక్కి అది నా చెయ్యి కానట్టే ఉంది. సువార్త వచ్చి, "తీసెయ్యి నాన్నా, నొప్పిగా లేదూ?" అంది.

తీస్తే లేస్తాడు. లేస్తే ఏడుస్తాడు. వాడి ఏడుపు నాకు పడదు, అందుకే తీయలేదు. కుడిచేత్తో రాస్తున్నాను. కాగితం పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు, అక్షరాలు కుదురుగా రావడం లేదు.